కెర్ కౌంటీలో పొలం కొనొచ్చా?

ప్రశ్న: ఆస్టిన్‌లో ఉంటున్నాం. రిటైరయ్యాక టెక్సస్‌లోనే కెర్ కౌంటీలో పదెకరాలు కొని, కూరగాయలు, కోళ్లు పెంచుకోవాలని ఉంది. కరెంటు పోయినా, రోడ్డు తెగినా ఇబ్బంది పడకూడదు. ఆ కౌంటీ మంచిదేనా?

జవాబు: ఏజెంటు మిమ్మల్ని నేరుగా గ్వాడలూప్ నది ఒడ్డుకే తీసుకెళ్తాడు. ఆ చెట్లూ నీళ్లూ చూస్తే ఎవరికైనా మనసు లాగుతుంది. 2025 జులై 4 తెల్లవారుజామున కౌంటీలోని హంట్ అనే ఊరి దగ్గర ఆ నది 45 నిమిషాల్లో దాదాపు 26 అడుగులు పెరిగింది. కౌంటీలో వందమందికి పైగా పోయారు. ముందు ఫెమా (కేంద్ర ప్రభుత్వ విపత్తుల సంస్థ) వరద మ్యాపు చూడండి. మీ స్థలం అందులో వరద ప్రాంతంగా లేదని ధీమా పడకుండా, పక్కింటి పెద్దాయన్ని నీళ్లు ఎంతవరకు వచ్చాయో అడగండి. చాలాచోట్ల వాగు మీద వంతెన ఉండదు, చప్టాయే; వాగు పొంగితే నీళ్లు దాని మీదుగానే పారతాయి. అది దాటి వెళ్లాల్సిన స్థలం ఊరికే ఇచ్చినా నేను తీసుకోను.

బోరుకు హెడ్‌వాటర్స్ భూగర్భజల డిస్ట్రిక్ట్ (కౌంటీలో భూగర్భజలాలు చూసే సంస్థ) నియమాలు కనుక్కోండి. 2021 ఫిబ్రవరి మంచు తుపానుకు కరెంటు పోతే, మా బోరులో నీళ్లున్నా కుళాయిలో చుక్క రాలేదు. ఇప్పుడు వాననీళ్ల ట్యాంకు పెట్టించాం. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద అంగుళం వాన పడితే సుమారు 600 గ్యాలన్లు. వాననీళ్లు పట్టే సామానుకు టెక్సస్‌లో సేల్స్ టాక్స్ కూడా లేదు.

మట్టి మాత్రం పలచన. చాలాచోట్ల గడ్డపార వేస్తే జానెడు లోతులోనే సున్నపురాయి ఖంగుమంటుంది. వంగ, బెండ కావాలంటే మడులు ఎత్తుగా కట్టి మట్టి తోలించుకోవాలి, జింకలకు ఎత్తు కంచె వేయాలి.

వ్యవసాయ పన్ను రాయితీ ఉందని ఊరిస్తారు. దానికి సాధారణంగా గత ఏడేళ్లలో ఐదేళ్లు సాగో, పశువుల మేపో జరిగుండాలి. పన్ను కోసం ఆస్తి విలువ కట్టే అప్రైజల్ ఆఫీసులో అడిగాకే బయానా ఇవ్వండి.