కళాసీ సూచించడు

లాసన్స్ బే కాలనీ,
విశాఖపట్నం.

చిరంజీవి అమ్మాయికి,

నీ కథ రెండుసార్లు చదివాను. ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామును వేలంపాట అరుపులతో సహా బాగా పట్టుకున్నావు. ఒక్క మాట మాత్రం పంటి కింద రాయిలా తగిలింది: ‘సూచించాడు’. తొమ్మిది చోట్ల ఉంది, పెన్సిల్‌తో సున్నాలు చుట్టాను చూడు. బోటు మీద పనిచేసే కళాసీ తన బావమరిదికి ‘వేటకు వెళ్లవద్దని సూచించాడు’ ఏమిటమ్మా? కలెక్టరు గారు సూచిస్తారు గానీ కళాసీ సూచిస్తాడా?

‘సజెస్ట్’ అని ఇంగ్లీషులో అనుకుని, నిఘంటువులో మొదట దొరికిన మాట పెట్టేశావని నా అనుమానం. ఆ సజెస్ట్‌తో నేనూ దెబ్బతిన్నాను. నీ వయసులో ఒక పత్రికాఫీసుకి ‘సజెస్ట్ మీ ఎ గుడ్ బుక్’ అని రాస్తే, నా ఉత్తరమే ఎర్రగీతతో తిరిగొచ్చింది. ‘గివ్’ పక్కన నిలబడే ‘మీ’ సజెస్ట్ పక్కన నిలబడదట. ‘సజెస్ట్ ఎ గుడ్ బుక్’ అని ఊరుకోవాలి, లేదా చివర ‘టు మీ’ తగిలించాలి. ‘నాకో మంచి పుస్తకం సజెస్ట్ చెయ్యండి’ అంటే తెలుగులో నిక్షేపంలా ఉంటుంది. ఆ ‘నాకు’నే ఇంగ్లీషులోకి మోసుకెళ్లి బోల్తా పడతాం. ‘సజెస్టెడ్ టు గో’ కూడా అంతే, ‘సజెస్టెడ్ గోయింగ్’ అనాలి.

ఆ మాట పుట్టుక లాటిన్‌లో. ‘సబ్’ అంటే కింద, ‘గెరెరె’ అంటే మోయడం. ఒక ఆలోచనను కింది నుంచి మెల్లగా అందించి, ఒప్పుకోవడమో మానడమో ఎదుటివాడికే వదిలేయడం అన్నమాట. ఆ మెత్తదనం కోసం తెలుగులో వేరే క్రియ వెతకక్కర్లేదు. ‘వెళ్దామా’లో ఉంది, ‘రేపు వెళ్తే పోలా’లో ఉంది. అన్నిటికంటే ‘పోనీ’లో ఉంది.

మొన్న చేపల బజారులో వంజరం ధర విని వెనక్కి తగ్గాను. అమ్మే ఆవిడ నా మొహం చూసి, ‘పోనీ కానాగంతలు అట్టుకెళ్లు బాబూ, పులుసు బాగుంటాది’ అంది. అందులో బేరం ఉంది, నా జేబు మీద కాస్త జాలీ ఉంది. ‘కానాగంతలు కొనమని సూచించింది’ అని రాసి చూడు, ఆ జాలి ఎటు పోతుందో.

సూచన అన్న మాట మీద నాకు కోపం లేదు. పోర్టులో 1 నుంచి 11 దాకా ఎగరేసే తుపాను సిగ్నళ్లను ప్రమాద సూచికలనే అంటాం. అక్కడ ఎవరూ నోరు తెరవరు, అర్థం మాత్రం అందుతుంది. సంస్కృత అలంకారికుడు ఆనందవర్ధనుడు చెప్పిన ధ్వనిని, అంటే పైకి చెప్పకుండానే స్ఫురించే అర్థాన్ని, ఇంగ్లీషులో ‘సజెషన్’ అనే అనువదించారు, తెలుసా? నీ కథలో ఆ ముసలి కళాసీ ఆకాశం కేసి చూసి, విప్పిన వలను మళ్లీ చుట్టేస్తాడే, సూచన అంటే అదీ! కథ మొత్తంలో నాకు నచ్చిన వాక్యం. దాని వెనకే ‘ఇవాళ వద్దని సూచించాడు’ అని తోక తగిలించావు. కొట్టేయ్. బావమరిది ఎటూ వల చూశాడు కదా.

మిగతా ఎనిమిదీ నువ్వే చూసుకో. తిరగరాసిన కాయితాలు పట్టుకుని ఆదివారం పొద్దున్నే ఇంటికి రా. ఎండగా ఉంటుందంటావా, పోనీ సాయంత్రం రా.

ఆశీస్సులతో,
మాస్టారు