వరద సంచికి ఏ బ్యాగు మంచిది?

ప్రశ్న: మాది కోనసీమలో లంక గ్రామం. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక దాటితే చాలు, మా కాజ్‌వే మునిగిపోయి పడవే దిక్కవుతుంది. మా వారు మస్కట్‌లో ఉంటారు. ఇంట్లో నేను, అత్తగారు, ఎనిమిదేళ్ల బాబు, రెండేళ్ల పాప. వరద వస్తే భుజాన వేసుకుని బయల్దేరేలా ఒక సంచి సర్ది ఉంచుకుందామనుకుంటున్నాను. మిలిటరీ రకం కాన్వాసు సంచి గట్టిదని మా మరిది అంటున్నాడు. దుకాణంలో పలచటి నైలాన్ సంచి చూపించారు. అది చూస్తే చిరిగిపోతుందేమోనని భయం వేసింది. ఏది కొనమంటారు?
— ఒక పాఠకురాలు, పి.గన్నవరం మండలం

జవాబు: నైలాన్‌దే కొనండమ్మా. పాతికేళ్లుగా విజయవాడలో బ్యాగులు కుడుతున్నాను. 2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్లు మా సింగ్‌నగర్‌ను ముంచెత్తినప్పుడు నా భుజాన ఉన్నది కాన్వాసు సంచే. నడుం లోతు నీళ్లలో నాలుగు వీధులు దాటేసరికి గుడ్డ నీళ్లు తాగి బండలా తయారైంది. అయిదో వీధిలో ఎడమ పట్టీ ఊడిపోయింది. గుడ్డకు ఏమీ కాలేదు, కుట్టు తెగింది. మా అమ్మాయి పదో తరగతి సర్టిఫికెట్ తడిసి ముద్దయింది. ఆ కాగితాన్ని ఫ్యాను కింద ఆరబెట్టిన రాత్రి నాకింకా గుర్తే.

అందుకే ముందుగా భుజం పట్టీ సంచికి కలిసే చోటు చూడండి. ఒకే వరస కుట్టు ఉంటే పక్కన పెట్టేయండి. చతురస్రం కుట్టి దాని మధ్యలో ఇంటూ గుర్తులా కుట్టినదైనా, దగ్గర దగ్గరగా అడ్డకుట్లు వేసినదైనా బరువుకు ఆగుతుంది. తర్వాత సంచిని తిరగేసి లోపలి అంచులు చూడండి. వాటికి పట్టీ వేసి కుట్టకపోతే పోగులు ఊడి వస్తాయి.

పలచగా ఉందని భయపడకండి. దారం లావును డెనియర్లలో కొలుస్తారు, తొమ్మిది వేల మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. 210 డెనియర్ నైలాన్‌లో చిన్న చిన్న గళ్లలా లావు దారం నేసి ఉంటే చిరుగు ఆ గడి దగ్గరే ఆగుతుంది. రిప్‌స్టాప్ అని అడగండి. అడుగు భాగం మాత్రం 420 డెనియర్‌కు తగ్గకూడదు, పడవ అంచుకు ఒరుసుకునేది అదే.

30 నుంచి 35 లీటర్లది చాలు. ఖాళీ సంచి కిలో దాటకూడదు, కొనే ముందు తూయించండి. మీకు చంకలో పాప ఉంటుంది, అత్తగారికి చెయ్యి ఆసరా ఇవ్వాలి. మొత్తం ఆరు కిలోలకు మించి సర్దకండి. నడుము బెల్టు తప్పనిసరి, బరువు భుజాల మీద నుంచి తుంటి మీదకు దిగుతుంది. బాబుకు వాడి బట్టలు, బిస్కెట్లతో చిన్న సంచి విడిగా ఇవ్వండి. బడి సంచి పిల్లల బరువులో పదో వంతు దాటకూడదని 2020 స్కూల్ బ్యాగ్ పాలసీ చెబుతోంది, ఇక్కడా అదే లెక్క.

‘వాటర్‌ప్రూఫ్’ అన్న మాట నమ్మకండి. కుట్టు రంధ్రాల్లోంచి, జిప్పులోంచి నీళ్లు వస్తాయి. పైన తొడిగే రెయిన్ కవరు వానకు పనికొస్తుంది గానీ, నీళ్లలో నడిచేటప్పుడు కాదు. సంచి లోపల మందపాటి పాలిథిన్ కవరు పెట్టి, అందులో అన్నీ సర్ది, మూతి మెలిపెట్టి, మడిచి కట్టండి. ఆధార్, పాసుపుస్తకాలు, అత్తగారి మందులు మరో చిన్న కవరులో ఉండాలి.

ఒక్కటి మాత్రం మరచిపోకండి. పారే నీళ్లలో దిగే ముందు, పడవ ఎక్కే ముందు నడుము బెల్టు, ఛాతీ క్లిప్పు విప్పేయండి. పడవలో సంచి కాళ్ల దగ్గర ఉండాలి. పడిపోతే సంచి పోయినా పర్వాలేదు, మీరు దానికి చిక్కుకోకూడదు.

సంచిని అటక మీద పడేస్తే వేడికి, చెమ్మకు నైలాన్ లోపలి వైపు నీళ్లు ఆగడానికి వేసిన పూత జిగురుగా మారి పెచ్చులూడుతుంది. గదిలో మేకుకు తగిలించండి.

కొన్న రోజే నిండా సర్ది, పాపను ఎత్తుకుని, మేడ మెట్లు రెండుసార్లు ఎక్కి దిగండి. పట్టీ మెడ దగ్గర ఒరుసుకుంటే బిల్లు తీసుకెళ్లి మార్చుకోండి.