కార్గో విమానాల డైకాస్ట్ (లోహాన్ని అచ్చులో పోసి చేసిన) మోడల్స్ సేకరించాలంటే ఏ స్కేల్‌తో మొదలుపెట్టాలి? కొనేటప్పుడు ఏం చూడాలి?

ఇంట్లో చోటు తక్కువైతే 1:400తో, అంటే అసలు విమానంలో 400వ వంతు సైజుతో మొదలుపెట్టండి. బోయింగ్ 747-400 అసలు పొడవు 70 మీటర్ల పైచిలుకు. 1:400లో అది దాదాపు 18 సెంటీమీటర్లు, అంటే అరచేతిలో పడుతుంది. 1:200లో 35 సెంటీమీటర్లు దాటుతుంది. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది కానీ నాలుగు కొనేసరికి బీరువా నిండిపోతుంది, ఇంట్లోవాళ్ల మాటలు సరేసరి.

కార్గో మోడల్స్‌లో అసలు మజా తలుపుల దగ్గరే ఉంది. కార్గో విమానంగానే తయారైన 747-400కి ముక్కు పైకి లేస్తుంది, పై అంతస్తు గూని పొట్టిగా ఉంటుంది. ప్రయాణికుల విమానాన్ని తర్వాత కార్గోకి మార్చినదైతే ముక్కు తెరుచుకోదు, పక్క తలుపే గతి. గూని పొడవుగానే ఉండిపోతుంది. మోడల్‌లో ఈ రెండూ కలగాపులగం అయ్యాయంటే అచ్చులో పొరపాటన్నమాట. ముక్కు తెరిచి ఉన్న మోడల్స్ కూడా వస్తాయి, నా ఓటు వాటికే.

ఆంటొనోవ్ ఏఎన్-225 మ్రియా అనే భారీ కార్గో విమానం మాత్రం వేరే లెక్క. ఆ రకంలో ప్రపంచంలో ఎగిరింది ఆ ఒక్కటే. 2016 మేలో శంషాబాద్‌లో కూడా దిగింది. 2022లో ఉక్రెయిన్ యుద్ధంలో ధ్వంసమైంది. 1:400లో కూడా దాని రెక్కలు ఈ చివరి నుంచి ఆ చివరికి 22 సెంటీమీటర్లు ఉంటాయి, అరలో చోటు కొలిచాకే ఆర్డర్ పెట్టండి.

దుమ్ము దులపడానికి గుడ్డ వద్దు, మెత్తటి పెయింట్ బ్రష్ వాడండి. వెంట్రుకంత యాంటెన్నాలు గుడ్డకు తగులుకుని ఊడిపోతాయి.