బ్లాగు ఉంది, బేరమే రావట్లేదు

ఈ నెల వచ్చిన ఉత్తరాలు, మెయిళ్లలో చాలావరకు వ్యాపారం కోసం బ్లాగు రాసేవాళ్ల నుంచే వచ్చాయి. అందుకని ఈసారి శీర్షిక మొత్తం వాటికే ఇస్తున్నాం. కొన్నిటికి పెద్ద జవాబు అవసరమైంది, కొన్నిటికి నాలుగు ముక్కలు సరిపోయాయి.

మాది చేనేత చీరల షాపు, మా మామగారి కాలం నుంచి ఉంది. వెబ్‌సైట్ పెట్టి దాంట్లో బ్లాగు కూడా మొదలుపెట్టాం. ఒక ఏజెన్సీ వాళ్లు నెలకు ఇన్నని పోస్టులు రాసిస్తారు, మేం డబ్బు కడతాం. ‘చేనేత గొప్పతనం’, ‘పండక్కి టాప్ 10 చీరలు’ లాంటివి. అది చదివి ఫోన్ చేసినవాళ్లు ఇంతవరకు ఒక్కరూ లేరు. ఆపేయమంటారా?
– ఒక పాఠకురాలు, మంగళగిరి

బ్లాగు ఆపకండి, ఆ పోస్టులు ఆపేయండి. మీరు పంపిన రెండు మూడు పోస్టులు చదివాను. వాటిలో మీ షాపు పేరు తీసేసి ధర్మవరంలో షాపు పేరు పెట్టినా, వెంకటగిరి షాపు పేరు పెట్టినా ఇంకో అక్షరం మార్చాల్సిన పని లేదు. తప్పంతా అక్కడే ఉంది. ‘చేనేత గొప్పతనం’ అని వెతికేది స్కూల్లో వ్యాసం రాయాల్సిన పిల్లలు, చీర కొనాలనుకునే మనిషి అలా వెతకదు కదా. ఆవిడ మనసులో ఉండే ప్రశ్నలు వేరే, అవి మీ దగ్గరే ఉన్నాయి, మీ షాపు వాట్సాప్ తెరిచి చూడండి. రంగు పోతుందా? మొదటిసారి ఎలా ఉతకాలి? నూలు సన్నదనంలో 80 కౌంటుకీ 100 కౌంటుకీ తేడా ఏంటి? జరీ నల్లబడుతుందా? బ్లౌజు ముక్క దాంట్లోనే వస్తుందా? ఇది నిజంగా మగ్గం మీద నేసిందేనా? రోజూ టైపు చేసి చేసి మీకు విసుగొచ్చే ఈ ప్రశ్నల్లో ఒక్కోటీ ఒక్కో పోస్టు. ఫోన్లో ఎలా చెప్తారో అలాగే రాయండి, మీ దగ్గరున్న చీరనే ఫోటో తీసి పెట్టండి.

చివరి ప్రశ్ననే తీసుకోండి. సంప్రదాయ మంగళగిరి చీరకు ఒళ్లంతా సాదాగా ఉంటుంది, బుటాలు ఉండవు, అందమంతా నిజాం అంచు అనే జరీ అంచులోనే ఉంటుంది, నేసేది గుంట మగ్గం మీద. మీ ఊళ్లో ఇది చిన్నపిల్లలకు కూడా తెలుసు కాబట్టి దీన్ని రాయాలని మీకు తోచదు, కానీ హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో కూర్చుని నాలుగు వెబ్‌సైట్లు తెరిచి పెట్టుకుని ఏది అసలు, ఏది పవర్‌లూమ్ నకలు అని తేల్చుకోలేక తల పట్టుకునే ఆవిడకు కావాల్సింది సరిగ్గా అదే. చీర తిరగేసి చూపించండి, అంచు దగ్గరగా ఫోటో తీయండి, చేనేతకు ప్రభుత్వం ఇచ్చే హ్యాండ్లూమ్ మార్కు లేబుల్ ఎలా ఉంటుందో చూపించండి. పోచంపల్లి వాళ్లకయితే ఇది ఇంకా తేలిక. వాళ్లు నేసే ఇకత్‌లో నూలుకే ముందు ముడులు కట్టి రంగులద్దుతారు కాబట్టి డిజైను రెండు వైపులా ఒకేలా కనపడుతుంది, ప్రింటు వేసిన నకలు చీరకు వెనక వైపు రంగు పలచబడుతుంది. ఈ రెండు వాక్యాలు, రెండు ఫోటోలు ఉంటే చాలు, ‘మన ఘన వారసత్వం’ అని మొదలయ్యే వెయ్యి పదాల వ్యాసం కంటే మీ మీద నమ్మకం ఎక్కువ కుదురుతుంది.

ధర గురించి కూడా రాయండి, చాలామంది షాపులవాళ్లు ధర మాటెత్తడానికే మొహమాటపడతారు. ఇంత రేటెందుకు అని అడిగితే కష్టం చూపించండి. పోచంపల్లి చీరకు నేతకు ముందు ఆసు పోయాలి, అంటే నూలును మేకుల చుట్టూ చేత్తో తిప్పి చుట్టాలి, ఒక్క చీరకు ఆడవాళ్లు చేయి కొన్ని వేలసార్లు అటూ ఇటూ తిప్పాలి, భుజాలు పడిపోతాయి. తల్లి పడే ఆ బాధ చూడలేకే చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారుచేసి దానికి ఆమె పేరే పెట్టారు, 2017లో పద్మశ్రీ కూడా వచ్చింది. ఇది చదివిన మనిషి ధర దగ్గర వాదించడానికి ముందు కాస్త ఆలోచిస్తుంది. మీ షాపుకు నేసిచ్చేవాళ్ల దగ్గర కూడా ఇలాంటి సంగతులు ఉంటాయి, వెళ్లి అడగండి, వాళ్లు ఒప్పుకుంటేనే పేరు, ఫోటో వేయండి.

ఇంకొకటి, మీ పోస్టుల కింద ఫోన్ నంబరు లేదు. చదివి నచ్చినవాళ్లు మళ్లీ మొదటి పేజీకి వెళ్లి వెతుక్కోవాలి. ప్రతి పోస్టు కింద వాట్సాప్ లింకు, ఆ పోస్టులో చెప్పిన చీరకు లింకు ఉండాలి.

మాది పూతరేకుల వ్యాపారం. తెలుగులోనే రాయాలని పట్టుదల. డీటీపీ షాపులో చక్కగా టైపు చేయించి పోస్టర్లలా బ్లాగులో పెడుతున్నాం. గూగుల్‌లో మా పేజీ ఎక్కడా కనపడదు. తెలుగులో రాయడమే తప్పా?
– ఒక పాఠకుడు, ఆత్రేయపురం

తెలుగులో రాయడం తప్పు కానే కాదు. టైపు చేయించిన పద్ధతిలో ఇబ్బంది ఉంది. డీటీపీ షాపుల్లో ఎక్కువగా అను ఫాంట్లలో కొడతారు, అవి యూనికోడ్ కావు, అంటే అన్ని ఫోన్లూ కంప్యూటర్లూ చదవగలిగే ఉమ్మడి అక్షర పద్ధతిలో ఉండవు. ఆ అక్షరాలు ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్లోనే తెలుగుగా కనపడతాయి, బయటికి తెచ్చి అతికిస్తే పిచ్చి గుర్తులవుతాయి. అందుకే మీవాళ్లు దాన్ని బొమ్మగా మార్చి పెడుతున్నారు. బొమ్మలో ఉన్న రాతను గూగుల్ పేజీలోని మాటల్లా చదువుకుని వెతికినవాళ్లకు చూపిస్తుందని నమ్మకం పెట్టుకోవద్దు. చూపు తక్కువైనవాళ్లు ఫోన్‌తో చదివించుకోవడానికీ కుదరదు. పెళ్లి కార్డుకు అను ఫాంటు బ్రహ్మాండంగా ఉంటుంది, బ్లాగుకు మాత్రం ఫోన్లో ఉన్న తెలుగు కీబోర్డు చాలు, అది యూనికోడే. టైపింగ్ కష్టమైతే మైకు బొమ్మ నొక్కి మాట్లాడండి, తర్వాత తప్పులు దిద్దుకోండి. ఇప్పటికే కొట్టించిన వాటిని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, మార్చాక ఒత్తులు, పొల్లులు ఒకసారి సరిచూసుకోవాలి.

తెలుగువాళ్లు చాలామంది తెలుగు మాటల్నే ఇంగ్లిషు అక్షరాలతో వెతుకుతారు. అందుకని శీర్షిక తెలుగు లిపిలో పెట్టి, కిందే ఒక వాక్యం ఇంగ్లిషు అక్షరాల్లో కూడా పెట్టండి. అమెరికా, గల్ఫ్ ఆర్డర్లు కావాలంటే అదే విషయం మీద ఇంగ్లిషు పేజీ విడిగా రాసుకోండి, కానీ మెషీన్‌తో మాటకు మాట తర్జుమా చేసి పెట్టొద్దు, అది చదవగానే తెలిసిపోతుంది.

ఏం రాయాలంటారా, బెల్లంవి ఎన్ని రోజులు నిల్వ ఉంటాయి, పంచదారవి ఎన్ని రోజులు ఉంటాయి, విరగకుండా ఎలా ప్యాక్ చేస్తారు, విమానంలో తీసుకెళ్లడానికి ఎలా సర్దుకోవాలి. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది, దాన్ని ప్రతి పోస్టులో గొప్పగా చెప్పడం కంటే, కుండ మీద రేకు తీసేటప్పుడు పిండి ఎంత పలచగా ఉండాలో మీ ఇంట్లో ఆడవాళ్లను అడిగి ఒక్కసారి రాయండి. అది మీ ఊరివాళ్లు తప్ప ఇంకెవరూ అంత బాగా రాయలేరు.

షాపు బ్లాగులో గూగుల్ యాడ్స్ పెట్టుకుంటే అదనంగా ఆదాయం వస్తుందంటున్నారు, నిజమేనా?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

వచ్చే నాలుగు రూపాయల కోసం మీ పేజీలో మీ పోటీదారు ప్రకటన కనపడే అవకాశం ఇస్తున్నట్టే. వార్తల సైటుకు, వంటల సైటుకు యాడ్స్ సరే. సరుకు అమ్ముకునే షాపుకు వద్దు. గూగుల్‌లో దొరికిన ఫోటోలు కూడా వాడుతున్నామని రాశారు, అది కూడా మానేయండి. ఇంటర్నెట్‌లో ఉన్నంత మాత్రాన ఫోటో ఎవరిదీ కాకుండా పోదు, కాపీరైట్ మామూలుగా తీసినవాళ్లకే ఉంటుంది. మీ ఫోన్‌తో పగటి వెలుతురులో తీసి, సైజు తగ్గించి పెట్టండి, ఐదారు ఎంబీల ఫోటోలు అలాగే ఎక్కిస్తే పేజీ తెరుచుకునే లోపే మనిషి వెళ్లిపోతాడు.

చిరుధాన్యాలు, వాటితో చేసిన పిండివంటలు అమ్ముతాం. ‘కొర్రలు తింటే షుగర్ పోతుంది’ అని పెట్టిన పోస్టుకే ఎక్కువ వ్యూస్ వచ్చాయి. అందరూ రాసేదే కదా, ఇంకా ఇలాంటివి రాయొచ్చా?
– ఒక పాఠకురాలు, అనంతపురం

రాయొద్దు. ఉన్న పోస్టు కూడా ఈ రోజే తీసేయండి. దీని గురించి కాస్త గట్టిగానే చెప్పాలనుంది నాకు. మీ పోస్టు చదివి ఎవరైనా మాత్రలు మానేస్తే ఏమవుతుందో ఒక్కసారి ఆలోచించండి. మీ మీద నమ్మకంతోనే మానేస్తారు, అది ఇంకా బాధ.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. 2006 నాటి ఆహార భద్రత చట్టం ప్రకారం వెబ్‌సైట్‌లో రాసింది కూడా ప్రకటన కిందికే వస్తుంది. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 53వ సెక్షన్ కింద 10 లక్షల రూపాయల దాకా జరిమానా ఉంటుంది. ఆహార పదార్థం జబ్బు నయం చేస్తుందని చెప్పడాన్ని 2018లో వచ్చిన ప్రకటనల నిబంధనలు ఒప్పుకోవు. ‘మా కస్టమర్ చెప్పారు’ అని వాళ్ల మెసేజ్ స్క్రీన్‌షాట్ పెట్టినా బాధ్యత మీ మీదే పడుతుంది, ఎందుకంటే పెట్టింది మీరు. అందరూ రాస్తున్నారన్నది నోటీసు వచ్చిన రోజు పనికొచ్చే జవాబు కాదు.

వ్యూస్ సంగతి, ఆ పోస్టు చూసినవాళ్లలో ఎంతమంది ఆర్డర్ పెట్టారు? అది మీ ఉత్తరంలో లేదు. షుగర్ అని చూసి ఆగి, చదివి, వెళ్లిపోయేవాళ్లు ఎక్కువమంది ఉంటారు. మీ దగ్గర కొన్నవాళ్లు మళ్లీ ఎందుకు కొనట్లేదో అడిగి చూడండి, చాలామంది చెప్పేది ‘వండడం కుదర్లేదండి, గట్టిగా ఉంది, పిల్లలు తినలేదు’ అనే. అక్కడ రాయండి. అండుకొర్రలు రాత్రే నానబెట్టాలి, కొర్రలకు నీళ్లు ఎన్ని పోయాలి, అరికెలతో ఉప్మా ఎలా పొడిపొడిగా వస్తుంది, ఏ పిండి దోసె విరగకుండా లేస్తుంది, మొదటిసారి తినేవాళ్లు బియ్యంలో ఎంత కలుపుకోవాలి. అది చదివి వండుకున్నవాళ్లు మళ్లీ మీ దగ్గరే కొంటారు. ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ మీకిచ్చిన 14 అంకెల లైసెన్సు నంబరు కూడా పేజీలో కనపడేలా పెట్టండి.

మేం అరకు ప్యాకేజీలు నడుపుతాం. చాట్‌జీపీటీతో రోజుకు రెండు పోస్టులు వేస్తే గూగుల్‌లో పైకి వస్తామని మా అబ్బాయి అంటున్నాడు. ఏమంటారు?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

ఏఐ వాడటాన్ని గూగుల్ తప్పు పట్టట్లేదు. చదివేవాళ్ల పని జరగకుండా, కేవలం పైకి రావడానికి గుట్టలుగా పేజీలు తయారుచేసి వేయడాన్ని మాత్రం 2024 మార్చిలో స్పామ్ (చెత్త పేజీల) నిబంధనల్లో పెట్టింది, అది ఏఐతో చేసినా చేత్తో చేసినా ఒకటే. రోజుకు రెండంటే మీరు చేసేది అదే అవుతుంది.

మీ వ్యాపారంలో ఇంకో ప్రమాదం ఉంది, రైలు టైములు, గుహల టికెట్టు, రోడ్డు పరిస్థితి మారుతూనే ఉంటాయి. పాత వివరాన్ని ఏఐ ఏ తడబాటూ లేకుండా రాసేస్తుంది, మీరు చూడకుండా వేసేస్తారు, చంటిపిల్లతో బొర్రా దాకా వచ్చిన కుటుంబం మీ పోస్టు చూపించి మీ డ్రైవర్‌ను నిలదీస్తుంది. రోజూ ఆ దారిలో తిరిగే డ్రైవర్లు మీకున్నారు. వానాకాలంలో ఘాట్ రోడ్డు మీద ఎన్నింటికల్లా దిగిపోవాలి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు బొర్రా గుహల్లో ఎంతవరకు వెళ్లగలరు, రైల్లో విస్టాడోమ్ (అద్దాల పెట్టె) టికెట్ దొరక్కపోతే ఏం చేయాలి, కిటికీ ఏ వైపు బాగుంటుంది, ఇవన్నీ వాళ్లను అడిగితే సాయంత్రం టీ తాగే లోపు చెప్తారు. ఫోన్లో రికార్డు చేసుకోండి. దాన్ని పేరాలుగా సర్దడానికి, అక్షర దోషాలు చూడటానికి ఏఐని వాడుకోమని మీ అబ్బాయికి చెప్పండి, అది మంచి ఉపయోగమే.

నెలకు రెండు పోస్టులు చాలు. మిగిలిన టైములో పాతవి తెరిచి రేట్లు సరిచేయండి, పైన ‘ఫలానా నెలలో సరిచూశాం’ అని రాయండి. గూగుల్ సెర్చ్ కన్సోల్ ఉచితంగా పెట్టుకోవచ్చు, ఏ మాటలు వెతికి మీ పేజీకి వచ్చారో దాంట్లో కనపడుతుంది, తర్వాతి పోస్టు దేనిమీదో అక్కడే తెలుస్తుంది.

మాది గ్రానైట్ షాపు. బ్లాగు బాగా నడుస్తోంది, ఎంక్వైరీలు కూడా వస్తున్నాయి. సైటు చేసిపెట్టిన కుర్రాడు ఈమధ్య ఫోన్ ఎత్తట్లేదు. డొమైన్ (సైటు పేరు) గడువు వచ్చే నెల అయిపోతుందని ఎవరో చెప్పారు. పాస్‌వర్డులు ఏవీ మా దగ్గర లేవు. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు, కరీంనగర్

టెన్షన్ పడాల్సిన విషయమే, కానీ నెల టైముంది కాబట్టి ఈ వారమే కదలండి. మన దగ్గర చిన్న వ్యాపారాల్లో ఇది చాలా ఎక్కువగా జరుగుతుంది, షాపు అద్దె అగ్రిమెంటు పది మందికి చూపించి సంతకం పెట్టేవాళ్లు డొమైన్ మాత్రం కుర్రాడి మెయిల్ మీద కొననిస్తారు. రెన్యువల్ తప్పితే కొన్నాళ్ల గడువు తర్వాత ఆ పేరు ఎవరైనా కొనుక్కోవచ్చు, అప్పుడు మీరు ఇన్నాళ్లు రాసిన పేజీల లింకులన్నీ పోతాయి.

ముందు డొమైన్ల వివరాలు చూపించే హూయిజ్ (WHOIS) పేజీలో మీ సైటు పేరు కొట్టి చూడండి, ఏ కంపెనీ దగ్గర కొన్నారో, ఏ తేదీతో అయిపోతుందో తెలుస్తుంది. ఆ కుర్రాడికి ఫోన్‌తో పాటు మెయిల్ కూడా పెట్టండి, గొడవ మాటలు లేకుండా, డొమైన్‌ను మీ ఖాతాలోకి మార్చమని, బాకీ ఏమైనా ఉంటే తీర్చేస్తామని రాయండి. చాలాసార్లు బాకీ దగ్గరే ఆగి ఉంటుంది. జవాబు రాకపోతే డొమైన్ అమ్మిన కంపెనీ కస్టమర్ కేర్‌కు మీరు డబ్బు కట్టిన రసీదులు, జీఎస్టీ సర్టిఫికెట్ పంపి మాట్లాడండి. రెన్యువల్ డబ్బు మాత్రం ఎలాగైనా కట్టించండి, పేరు ఎవరి ఖాతాలో ఉందన్న తగువు తర్వాత తేల్చుకోవచ్చు. ఈలోగా మీ పోస్టులన్నీ ఒక్కొక్కటిగా కాపీ చేసి, ఫోటోలతో సహా మీ కంప్యూటర్లో దాచుకోండి.

డొమైన్ చేతికొచ్చాక దాన్ని, హోస్టింగ్‌ను (సైటు ఫైళ్లు ఉండే సర్వర్ ఖాతా), సెర్చ్ కన్సోల్‌ను షాపు పేరు మీదున్న ఒకే మెయిల్‌కు మార్చండి. ఆ మెయిల్‌కు రికవరీ నంబరు మీది పెట్టండి, ఇంట్లో ఇంకొకరికి కూడా పాస్‌వర్డ్ తెలిసేలా చూసుకోండి. కొత్తగా ఎవరికి పని అప్పగించినా వాళ్లకు విడిగా పోస్టులు రాసి దిద్దడానికి మాత్రమే కుదిరే ఎడిటర్ లాగిన్ ఇవ్వండి, యజమాని లాగిన్ ఇవ్వొద్దు.