ఏసీ ఈఎంఐ లెక్కేశారు, కరెంటు బిల్లు మరిచారు

ప్రశ్న: మాది కొత్తగూడెం. సొంత రేకుల ఇల్లు. ఆయన తాపీ మేస్త్రీ, నేను ఇంట్లో బట్టలు కుడతాను. నెలకు 24,000 దాకా వస్తుంది. ఎండలకు పిల్లలు నిద్రపోవడం లేదని ఏప్రిల్‌లో 2,900 ఈఎంఐతో ఏసీ కొన్నాం. అంతకుముందు జీరో బిల్లు వచ్చేది. మే నెలలో 330 యూనిట్లు కాలాయి. ఎండలకు ఆయనకు పని కూడా తగ్గింది. లోన్ యాప్‌లో 15,000 అప్పు పెడితే చేతికి 12,600 వచ్చాయి. నా గొలుసు తాకట్టు పెట్టి సోలార్ వేయించుకుంటే ఈ బాధ తప్పుతుందా?

జవాబు: తప్పదమ్మా. గొలుసు ముట్టుకోకండి.

ఈ వేసవిలో ఇలాంటి ఉత్తరాలు చాలా వచ్చాయి. అందరూ ఈఎంఐ కట్టగలమా అని చూసుకుంటున్నారే తప్ప, ఏసీ ఎంత కరెంటు తాగుతుందో చూడటం లేదు. మీకు జీరో బిల్లు ఇచ్చే గృహజ్యోతి పథకంలో నెలకు 200 యూనిట్లు దాటితే పైవాటికే కాదు, మొత్తానికీ కట్టాలి. 330 యూనిట్లంటే రెండు వేలు దాటినట్టే. జీరో నుంచి ఒక్కసారిగా అంత! దానికి ఈఎంఐ కలపండి.

పది నెలలు జీరో బిల్లు వచ్చే ఇంటికి సోలార్ మిగిల్చేదేముంది? పైగా మూడు కిలోవాట్లకు కేంద్రం ఇచ్చే 78,000 సబ్సిడీ బిగించాకే ఖాతాలో పడుతుంది. ముందు పెట్టుబడి మీదే. రేకుల మీద ఇనుప ఫ్రేమ్ ఖర్చు అదనం.

అసలు లోటు ఏసీ కాదు, చేతిలో డబ్బు లేకపోవడం. మేస్త్రీ పనికి మే నెలలో కోత పడుతుందని మీకు ముందే తెలుసు. ఖర్చు పెరిగేదీ అప్పుడే. ఏటా వచ్చే ఎండకు ఏటా అప్పు చేస్తారా? జూలై నుంచి మార్చి దాకా నెలకు 1,500 పోస్టాఫీసులో వేయండి. 13,500 అవుతుంది. పండక్కీ, పెళ్లికీ దాన్ని తీయొద్దు. ఆ తర్వాత మూడు నెలల ఇంటి ఖర్చు జమయ్యేదాకా ఆపకండి. బీమా, చీటీ, పిల్లల పేరిట పొదుపు, అన్నీ దీని తర్వాతే.

యాప్ అప్పు మాత్రం ఈ వారమే తీరాలి. 12,600 ఇచ్చి 15,000 రాసుకునేవాడి దగ్గరికి మళ్లీ వెళ్తారా? మీ పొదుపు సంఘంలో లోను అడిగి కట్టేయండి. ఫోన్‌లోని నంబర్లకు కాల్ చేస్తామని బెదిరిస్తే సైబర్ నేరాల నంబరు 1930కి ఫిర్యాదు చేయండి.

ఏసీ ఎలాగూ కొన్నారు. పడుకునే ముందు రెండు గంటలు వేసి, తర్వాత ఫ్యాన్ పెట్టుకోండి. కూలరైతే రాత్రంతా రెండు యూనిట్లలోపే. వచ్చే మార్చిలో రేకులకు ఎండను వెనక్కి కొట్టే తెల్ల కూల్‌రూఫ్ పెయింట్ వేయించండి. వారానికోసారి మీటరు చూసుకోండి, నెలలో 150 యూనిట్లు దాటితే ఏసీ రిమోట్ దాచేయండి.