కారు కొనండి, లీవు డబ్బుతో మాత్రం వద్దు

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. మర్చంట్ నేవీలో సెకండ్ ఇంజినీర్‌ని. విశాఖ ఎంవీపీ కాలనీలో ఉంటాం. ఓడ మీద ఉన్నన్నాళ్లు నెలకు 6 లక్షలు చేతికొస్తాయి. ఏడాదిలో ఆరు నెలలు కాంట్రాక్టు, ఆరు నెలలు లీవు. లీవులో జీతం ఉండదు. ఇంటి ఖర్చు, హోమ్ లోన్ ఈఎంఐ, పిల్లల ఫీజులు అన్నీ కలిపి నెలకు లక్షా 60 వేలు. హోమ్ లోన్ ఇంకా 41 లక్షలుంది. మొన్ననే సైన్ ఆఫ్ అయి ఓడ దిగాను. ఎఫ్‌డీల్లో 18 లక్షలున్నాయి. హైదరాబాద్‌లో 2012 మోడల్ బీఎండబ్ల్యూ జెడ్4 35ఐ స్పోర్ట్స్ కారు ఒకటి 22 లక్షలకు వస్తోంది. ఎప్పటి నుంచో కోరిక. ఎఫ్‌డీ నుంచి 10 లక్షలు తీసి, మిగతా 12 లక్షలకు పర్సనల్ లోన్ తీసుకుందామనుకుంటున్నా. 13 శాతం వడ్డీ, ఐదేళ్లు. బావమరిదేమో బంగారం తాకట్టు పెట్టమంటున్నాడు. టర్మ్ పాలసీ 50 లక్షలకు ఉంది. మా నలుగురికీ 10 లక్షల హెల్త్ పాలసీ ఉంది. అమ్మానాన్నలకు లేదు, వాళ్లకు 62, 67 ఏళ్లు. కొనొచ్చా?

జవాబు: కొనొచ్చు. కానీ ఇప్పుడు కాదు, ఈ డబ్బుతో అసలే కాదు.

కారు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ 18 లక్షల సంగతి తేల్చాలి. ఓడల మీద పనిచేసేవాళ్ల ఇళ్లలో తరచూ జరిగే పొరపాటే మీరూ చేస్తున్నారు. లీవులో తినే డబ్బును అత్యవసర నిధిగా లెక్కేస్తున్నారు. లీవు అత్యవసరమేమీ కాదు. ఎప్పుడు వస్తుందో, ఎన్నాళ్లుంటుందో ముందే తెలుసు. ఆరు నెలలకు లక్షా 60 వేల చొప్పున 9 లక్షల 60 వేలు. ఆ సొమ్ము మీ ఎఫ్‌డీలో ఉన్నా ఖర్చయిపోయినట్టే. మిగిలింది 8 లక్షల 40 వేలు. మీ అసలు అత్యవసర నిధి అంతే, ఐదు నెలల ఖర్చు. అందులోంచి 10 లక్షలు ఎలా తీస్తారు?

తీశారనుకుందాం. 8 లక్షలు మిగులుతాయి. 12 లక్షల లోన్‌కు 13 శాతం మీద ఈఎంఐ సుమారు 27,300. నెల ఖర్చు లక్షా 87 వేలు దాటుతుంది. లీవు ఆరు నెలలు, డబ్బు నాలుగు నెలలకు కొంచెం పైన. ఐదో నెల మధ్యలోనే ఇంట్లో చిల్లిగవ్వ ఉండదు. ఎవరికీ జబ్బు చేయకుండా, కారు ఒక్క రోజు కూడా మొరాయించకుండా ఉంటేనే ఈ లెక్క.

పైగా లీవు ఆరు నెలలకే ముగుస్తుందన్న హామీ లేదు. ఓడ మీద ఒకరి స్థానంలో ఒకరు ఎక్కే రిలీవర్ల షెడ్యూల్ మారుతుంది, కంపెనీ ఓడలు అమ్ముకుంటుంది. అన్నిటికన్నా పెద్దది మెడికల్. మీ ఫిట్‌నెస్ సర్టిఫికెట్ గడువు గరిష్ఠంగా రెండేళ్లు. బీపీయో, షుగరో, వెన్నునొప్పో అడ్డం పడితే చేరడం ఆగిపోతుంది, దాంతో జీతమూ ఆగిపోతుంది. ఒడ్డున ఉద్యోగం చేసేవాళ్లకు ఆరు నెలల ఖర్చు చాలని చెబుతుంటాం. మీకు చాలదు. లీవు డబ్బు పోగా కనీసం తొమ్మిది నెలల ఖర్చు, అంటే 14 లక్షల 40 వేలు వేరే ఖాతాలో ఉండాలి. ఇంకా 6 లక్షలు తక్కువున్నాయి. రెండు ఖాతాలూ వేర్వేరు బ్యాంకుల్లో పెట్టండి, రెండోదాని డెబిట్ కార్డు జేబులో పెట్టుకుని తిరగకండి.

ఇక ఇన్సూరెన్స్. టర్మ్ కవర్ 50 లక్షలు, హోమ్ లోన్ 41 లక్షలు. మీకేదైనా అయితే అప్పు తీరగా 9 లక్షలు మిగులుతాయి. ఈఎంఐ పోయిందనుకున్నా, ఆ డబ్బుతో మీ ఇల్లు ఏడాది గడవడం కూడా కష్టమే. ఇంకో రెండున్నర కోట్లకు కొత్త పాలసీ తీసుకోండి. ప్రపోజల్‌లో ఓడ మీద పని అని, ఏ రకం ఓడో, పూర్తిగా రాయండి. ఏజెంటు ఆ గడిలో 'ఇంజినీర్' అని మాత్రం రాసేసి చేతులు దులుపుకుంటే, క్లెయిమ్ వేళ కంపెనీ పట్టుకునేది దాన్నే. శాశ్వత వైకల్యానికి వర్తించే యాక్సిడెంట్ కవర్ విడిగా ఉండాలి. ఇంజిన్ రూమ్‌లో చేతికి దెబ్బ తగిలితే ప్రాణం పోదు, ఉద్యోగం పోతుంది.

అమ్మానాన్నలకు పాలసీ ఈ వారంలోనే మొదలుపెట్టండి. ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ గరిష్ఠంగా మూడేళ్లు. ఆ మూడేళ్ల లెక్క పాలసీ తీసుకున్న రోజు నుంచే మొదలవుతుంది, వాయిదా వేసిన ప్రతి నెలా దానికి కలుస్తుంది. వ్యక్తిగత హెల్త్, టర్మ్ పాలసీల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ కూడా లేదు. ఈ వయసులో ప్రీమియం ఎక్కువే, నిజమే. అది భరించలేమనుకుంటే 22 లక్షల కారు గురించి మాట్లాడుకోవడమే అనవసరం.

బంగారం మాట ఒకటి. మీ బావమరిది సలహా పర్సనల్ లోన్ కన్నా ప్రమాదకరం. వడ్డీ తక్కువన్నది నిజమే. గోల్డ్ లోన్ చాలావరకు ఏడాదికి మొత్తం ఒకేసారి కట్టాల్సిన అప్పు. గడువు దాటినా, ధర పడి మార్జిన్ తగ్గినా, నోటీసు మీ ఇంటికొస్తుంది. అప్పుడు మీరు ఏ సముద్రం మధ్యలోనో ఉంటారు. వేలానికి వెళ్లేది మీ ఆవిడ నగలు, బ్యాంకుకు పరిగెత్తేది కూడా ఆవిడే. సరదా కోసం నగలు తాకట్టు పెట్టొద్దు. ఇంటి మీదే అదనంగా తీసుకునే టాపప్ హోమ్ లోన్ కూడా అదే తరహా: కారు తుక్కయిపోయాక కూడా ఇంటి మీద వాయిదాలు నడుస్తుంటాయి.

ఇప్పుడు కారు. 22 లక్షలకు వస్తోందన్నారు. కొత్తలో అంతకు రెట్టింపు పైన ఉన్న కారు ఈ ధరకు దిగిందంటే, తర్వాతి ఖర్చు కొన్నవాడి నెత్తిన ఉందని అర్థం. ధర పడిపోతుంది గానీ విడిభాగాల ధర పడదు. మూడు లీటర్ల ట్విన్ టర్బో ఎన్54 ఇంజిన్, 306 హార్స్‌పవర్, వెనక చక్రాల డ్రైవ్, ఇరవై సెకన్లలో బూట్లోకి ముడుచుకునే అల్యూమినియం పైకప్పు. తెల్లవారుజామున పైకప్పు తీసి బీచ్ రోడ్డు పట్టుకుని రుషికొండ మీదుగా భీమిలి వెళ్లొస్తే ఎంత బాగుంటుందో ఊహించగలను. దానికి ధర కట్టొద్దని నేననను, కట్టే ధర తెలుసుకుని కట్టమంటున్నాను.

ఈ ఇంజిన్ జబ్బులు పేరుపడ్డవే. హైప్రెషర్ ఫ్యూయల్ పంపు పాడైతే స్టార్ట్ అవడానికి చాలాసేపు తిప్పాలి, ఇంజిన్ లైటు వెలిగి శక్తి సగానికి పడిపోతుంది. దీని కోసం అమెరికాలో 2010లో రీకాల్ జరిగింది, 2009, 2010 జెడ్4లు కూడా అందులో ఉన్నాయి. ఇంజెక్టర్లు, టర్బో ఒత్తిడిని అదుపు చేసే వేస్ట్‌గేట్ గలగల వేరే పద్దు. వాటర్ పంపు బెల్టుతో తిరిగేది కాదు, ఎలక్ట్రిక్. పెద్దగా సూచన ఇవ్వకుండా ఆగిపోతుంది. అనంతగిరి ఘాట్‌లో వేడి హెచ్చరిక వస్తే ఇంకో మలుపు వెళ్దామనుకోవద్దు, అక్కడే ఆపేయాలి. లేకపోతే అల్యూమినియం హెడ్ వంగిపోతుంది. అప్పుడు బిల్లు కారు ధరలో చెప్పుకోదగ్గ భాగం.

అన్నిటికన్నా మోసకారి చిన్న రబ్బరు ముక్క. ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ కింద గాస్కెట్ ఒకటుంటుంది. వేడికి బిరుసెక్కి ఆయిల్ కారుతుంది. కారింది నేరుగా బెల్టు మీద పడుతుంది. ఆయిల్‌కు బెల్టు ఉబ్బి, పోగులు పోగులుగా చిరిగి, ఆ పోగులు క్రాంక్ పుల్లీ వెనక్కి చుట్టుకుని సీల్ దగ్గర ఇంజిన్ లోపలికి దూరతాయి. మామూలు లీకేజీ రిపేరు కాస్తా ఇంజిన్ విప్పే పని అవుతుంది. మీరు ఇంజినీరే, చేత్తో అద్దం పట్టుకుని టార్చి వేసి చూడగలరు. కొనే ముందు ఆ గాస్కెట్ ఎప్పుడు మార్చారో బిల్లు అడగండి. వాటర్ పంపు బిల్లు కూడా. బిల్లు లేదంటే మార్చలేదనే లెక్క. ఇంజిన్ రాత్రంతా చల్లారాక మొదటి స్టార్ట్ మీరే చేయండి, షోరూమ్ వాళ్లు వేడి చేసి పెడితే సగం రోగాలు దాగిపోతాయి. పైకప్పును మూడుసార్లు వరసగా తెరిచి మూయండి. మధ్యలో ఆగినా, బూట్ కీలు దగ్గర నూనె తడి కనిపించినా వెనక్కి వచ్చేయండి.

టైర్లు ముందువి 225, వెనకవి 255 సైజు, అన్నీ గాలి పోయినా కొంత దూరం నడిచే రన్‌ఫ్లాట్లు, స్టెప్నీ ఉండదు. సైజులు వేరు కాబట్టి ముందువీ వెనకవీ మార్చుకోవడం కుదరదు, వెనక జత ముందే అరిగిపోతుంది. ఆయిల్ ఆరున్నర లీటర్లు పడుతుంది.

మీరు పట్టించుకోని ఖర్చు ఇంకొకటుంది. మీరు ఓడెక్కాక ఆ ఆరు నెలలు కారు ఊరికే నిలబడి ఉంటుంది, అదీ సముద్రానికి దగ్గర్లో. బూట్లో ఉండే ఏజీఎం రకం బ్యాటరీ దిగిపోతుంది, దానికి సరిపడే, కొద్దికొద్దిగా ఛార్జ్ చేసే ట్రికిల్ ఛార్జర్ పెట్టాలి. ఉప్పుగాలికి బ్రేక్ డిస్కులు తుప్పు పడతాయి, కనెక్టర్లు పచ్చబారతాయి. ప్లాస్టిక్ కవర్ కప్పితే తేమ లోపలే ఉండిపోయి ఇంకా చెడుతుంది, గాలాడే గుడ్డ కవర్ కావాలి. ఈ కారు తయారైన నాటికి 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20 పెట్రోల్ లేదు. ఇథనాల్ తేమను లాక్కుంటుంది, నెలల తరబడి ట్యాంకులో ఉంచేది కాదు. పైకప్పు నీళ్లు పోయే గొట్టాలు ఆకులతో పూడిపోతే వాన నీళ్లు లోపలికే. వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపడం మేలు కన్నా కీడే చేస్తుంది. ఆయిల్ వేడెక్కేదాకా అరగంట నడపాలి. ఎవరు నడుపుతారు? బావమరిది ఉత్సాహం ఇప్పుడర్థమవుతోంది.

ఏటా ఎంతవుతుందో చూడండి. ఈఎంఐలు 3 లక్షల 28 వేలు. రిపేర్లు, సర్వీసుకు రెండున్నర లక్షలు పక్కన పెట్టాలి. ఒక ఏడాది 60 వేలే అవ్వొచ్చు, మరో ఏడాది 5 లక్షలు. టైర్లు, బ్యాటరీకి సగటున 50 వేలు. ఇన్సూరెన్స్‌కు ఇంకో 50 వేలు. లీవులో 3,000 కిలోమీటర్లు తిప్పారనుకుంటే, లీటరుకు 7 కిలోమీటర్లు, లీటరు 110 రూపాయల చొప్పున పెట్రోలు 47 వేలు. మొత్తం 7 లక్షల 25 వేలు, కిలోమీటరుకు 240 రూపాయలు. భీమిలి వెళ్లి రావడానికి 50 కిలోమీటర్లనుకుంటే, ఒక్క ఉదయానికి 12 వేలు.

కారు ఇన్సూరెన్స్‌లో మూడు విషయాలు. మొదటిది, పదేళ్లు దాటిన కార్లకు తరుగు కోయకుండా చూసే జీరో డెప్, ఇంజిన్ నష్టానికి వర్తించే ఇంజిన్ ప్రొటెక్ట్ చాలా కంపెనీలు ఇవ్వవు. అవి లేకుంటే లోహపు భాగాల మీద 50 శాతం, రబ్బరు, ప్లాస్టిక్ మీద 50 శాతం తరుగు కోస్తారు. బంపర్ పగిలితే సగం ఖర్చు మీరే పెట్టుకోవాలి. రెండోది, 2014 హుద్‌హుద్ చూసిన ఊరు మనది. తుపాను నష్టం కాంప్రెహెన్సివ్‌లో వస్తుంది. కానీ నీళ్లలో మునిగిన కారును స్టార్ట్ చేసి ఇంజిన్ లాక్ అయితే, ఇంజిన్ ప్రొటెక్ట్ లేకుండా అది రాదు. మునిగితే తాళం తిప్పకుండా కారును ఎక్కించుకుపోయే ఫ్లాట్‌బెడ్ లారీని పిలవమని ఇంట్లో అందరికీ చెప్పి వెళ్లండి. మూడోదాని సంగతి చివర్లో చెబుతాను.

దారి ఏమిటంటారా? వచ్చే కాంట్రాక్టులో 36 లక్షలు వస్తాయి. ఓడ మీదున్నప్పుడు ఇంటి ఖర్చు 9 లక్షల 60 వేలు, తర్వాతి లీవుకు మరో 9 లక్షల 60 వేలు పోతే 16 లక్షల 80 వేలు మిగులుతాయి. అందులో 6 లక్షలు అత్యవసర నిధికి, సుమారు 2 లక్షలు ప్రీమియాలకు. దాదాపు 9 లక్షలు కారు ఖాతాకు. రెండో కాంట్రాక్టుతో అది 23 లక్షలు దాటుతుంది. అప్పు లేకుండా, రెండేళ్లలో. ఒకటి అడగాలి. ఈ కాంట్రాక్టులో ఇంటి ఖర్చు పోగా మీ దగ్గర 26 లక్షల పైన ఉండాలి, ఎఫ్‌డీల్లో కనిపిస్తోంది 18. మిగతా 8 లక్షలు ఎటు పోయాయో మీ ఉత్తరంలో లేదు. అవేంటో కాగితం మీద రాయండి, కారు డబ్బు సగం అక్కడే దొరకొచ్చు.

అంతదాకా ఆగలేకపోతే లీవులో ఒక వారాంతం స్పోర్ట్స్ కారు అద్దెకు తీసుకోండి. చాలామందికి మోజు అక్కడే సగం తీరుతుంది.

రెండేళ్ల తర్వాత కొనేటప్పుడు 22 లక్షల పైన ఇంకో 3 లక్షలు ఉంచుకుని కొనండి, కారు ఖాతాలో అంత లేకపోతే ఆ లోటు పూడాకే. గాస్కెట్లు, వాటర్ పంపు, టైర్లు మొదటి నెలలోనే మార్చాల్సి రావచ్చు. 2012లో రిజిస్టరైన కారుకు 2027లో పదిహేనేళ్లు నిండుతాయి. అది దిగుమతి కారు కాబట్టి రిజిస్ట్రేషన్ రెన్యువల్ రుసుము 40 వేలు, ఫిట్‌నెస్ పరీక్ష అదనం. తెలంగాణ బండి అయితే అక్కడి ఆర్టీఏ నుంచి ఫారం 28తో ఎన్‌ఓసీ, ఫారం 29, 30 మీద పాత యజమాని సంతకాలు, కారు మీద పాత లోన్ ఉంటే అది తీరినట్టు ఫారం 35. ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలా, కడితే ఎంతో అడ్వాన్సు ఇవ్వకముందే ఆర్టీఏలో అడిగి తెలుసుకోండి. బ్రోకర్ నోటి మాట నమ్మొద్దు.

ఇన్సూరెన్స్‌లో మూడో సంగతి ఇదే: కారు చేతులు మారిన 14 రోజుల్లో పాలసీని మీ పేరు మీదకు మార్పించుకోవాలి. థర్డ్ పార్టీ కవర్ దానంతటదే వస్తుంది గానీ మీ కారుకు తగిలే దెబ్బల కవర్ రాదు. క్లెయిమ్ చేయనందుకు పాత యజమానికి ప్రీమియంలో దక్కిన రాయితీ, అదే నో క్లెయిమ్ బోనస్, కూడా ఆయనతోనే పోతుంది, ఆ తేడా మీరే కట్టాలి. కారు కొని నేరుగా ముంబై వెళ్లి ఓడెక్కేసేవాళ్లున్నారు. వాళ్లు తిరిగొచ్చేదాకా పాలసీ పాత పేరు మీదే ఉంటుంది. ఓడెక్కే సైన్ ఆన్ తేదీకి కనీసం నెల ముందు కొనండి, కొత్త ఆర్‌సీ చేతికొచ్చాకే బయల్దేరండి.