ఇండీ డ్రాగ్ రేసులకు బయల్దేరే ముందు

అల్లుడూ,

లేబర్ డేకి (సెప్టెంబరు మొదటి సోమవారం సెలవు) యు.ఎస్. నేషనల్స్ డ్రాగ్ రేసులు, అదే రెండేసి బండ్లు తిన్నటి ట్రాక్ మీద పక్కపక్కన పోటీపడే ఆట, చూడ్డానికి అమ్మాయినీ, బుడ్డోణ్ణీ వెంటబెట్టుకుని షికాగో నుంచి వెళ్తానన్నావు. మంచిదే. 1955లో కాన్సస్‌లో మొదలై, ఆ తర్వాత ఊళ్లు మారుతూ, 1961 నుంచి ఇండియానాపొలిస్ పక్కనే స్థిరపడ్డ రేసు అది. డ్రాగ్ రేసింగ్‌లో అంతకు మించిన తిరునాళ్ల లేదు. కానీ శనివారం పొద్దున బయల్దేరి ఆదివారం రాత్రికి ఇల్లు చేరాలన్న నీ ప్లాన్ మాత్రం, తిరునాళ్లకి వెళ్లి రథం కదలకముందే తిరిగొచ్చినట్టుంది. అసలు పోటీ సోమవారం.

ఈ రేసులు నడిపే సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ. మామూలుగా దాని రేసులు ఆదివారంతో ముగుస్తాయి. దీన్ని మాత్రం వారం మధ్యలో మొదలుపెట్టి లేబర్ డే సోమవారం దాకా సాగదీస్తారు. మొదటి రోజుల్లో స్పోర్ట్స్‌మన్ క్లాసులే, అంటే ఔత్సాహికుల విభాగాలే ఎక్కువ. మన వైపు ఎడ్ల బండలాగుడులో రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, సీనియర్స్ అని విడదీస్తారు చూడు, అలాగే ఇక్కడ బండి రకాన్ని బట్టి, వేగాన్ని బట్టి విభాగాలు. సీనియర్స్ జతలు అనదగ్గ ప్రో క్లాసులు నాలుగు: టాప్ ఫ్యూయల్, ఫన్నీ కార్ (ఈ రెండూ నైట్రోమీథేన్ ఇంధనంతో నడిచే నైట్రో బండ్లు), ప్రో స్టాక్, ప్రో స్టాక్ మోటార్‌సైకిల్. వీటి క్వాలిఫయింగ్, అంటే అసలు పోటీకి ఎంపిక చేసే పరుగులు, శుక్రవారం సాయంత్రం ఒకటి, శనివారం రెండు, ఆదివారం రెండు అన్న లెక్కలో నడవడం ఇక్కడి ఆనవాయితీ. అన్ని పరుగుల్లో ఎవరి బెస్ట్ టైమ్ వాళ్లకి లెక్క, పై 16 మందికే సోమవారం చోటు. ఆ రోజు 16 మంది 8 అవుతారు, 8 మంది 4, ఆ నలుగురు ఇద్దరు. ఓడితే ఇంటికే, ఇంకో అవకాశం ఉండదు. టికెట్లు కొనే ముందు ఆ ఏటి షెడ్యూల్ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ వెబ్‌సైటులో ఒకసారి సరిచూసుకో, గంటలు ఏటేటా అటూ ఇటూ అవుతాయి.

కాబట్టి శుక్రవారం సగం రోజు సెలవు పెట్టు. సోమవారం ఎలాగూ ఆఫీసుకి సెలవే. శుక్రవారం సాయంత్రం పరుగు వదులుకోకు. చీకటి పడ్డాక నైట్రో బండ్ల ఎగ్జాస్ట్ గొట్టాల్లోంచి మనిషెత్తు మంటలు లేస్తాయి, మధ్యాహ్నం ఎండలో అవి సరిగ్గా కనపడవు. పైగా చల్లటి గాలిలో ఆక్సిజన్ ఎక్కువ, ట్రాక్ కూడా వేడి దిగి టైర్లని బాగా పట్టుకుంటుంది. మంచి టైములు ఎక్కువగా అప్పుడే పడతాయి. మధ్యాహ్నం ట్రాక్ ఉపరితలం 50 డిగ్రీల సెల్సియస్ దాటితే రబ్బరు జిడ్డుగా మారి టైర్లు జారతాయి. డ్రైవర్ మధ్యలోనే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేస్తాడు, నీకేమో డబ్బు దండగన్న భావన. అన్ని రోజులూ కుదరదంటే ఆదివారం, సోమవారం ఉంచుకో.

సోమవారం రాత్రి తిరిగొచ్చేయాలని మాత్రం గట్టిగా అనుకోకు. వాన పడితే ఈ ఆట ఒక్క అడుగు కదలదు. తడి ట్రాక్ మీద ఈ బండ్లని వదలరు. చినుకు ఆగాక జెట్ ఇంజన్లు బిగించిన ట్రక్కులతో ఆరబెట్టి, మళ్లీ జిగురు ద్రావణం కొట్టి, రబ్బరు రుద్ది తయారుచేయాలి. పది నిమిషాల జల్లు రెండు గంటలు తినేస్తుంది. సెప్టెంబరు మొదట్లో ఇండియానాలో సాయంత్రం ఉరుముల వానలు మామూలే. హోటల్ రూమ్ మంగళవారం పొద్దుటి దాకా, ఆఖరి రాత్రి క్యాన్సిల్ చేసుకునే వీలుండేలా తీసుకో. టికెట్ కొనేటప్పుడే రెయిన్ చెక్ నిబంధన చదువు. వాన వల్ల రేసు ఇంకో రోజుకి పోతే అదే టికెట్ చెల్లుతుందా లేదా అన్నది అందులో ఉంటుంది.

దారి సంగతి. ఐ-65 మీద సుమారు 180 మైళ్లు, మూడు గంటలు. లేబర్ డే శుక్రవారం మధ్యాహ్నం తర్వాత బయల్దేరితే నాలుగున్నర అనుకో. ఇంకోటి, చాలామంది ఇక్కడే బోల్తా పడతారు: ఇండియానాపొలిస్ ఈస్టర్న్ టైమ్. షికాగోలో రెండైతే అక్కడ మూడు. సాయంత్రం ఆరు గంటల పరుగంటే నీ గడియారంలో అయిదు. ట్రాక్ బ్రౌన్స్‌బర్గ్, క్లెర్మాంట్‌ల మధ్య యు.ఎస్. 136 మీద ఉంటుంది. పేరు లూకాస్ ఆయిల్ ఇండియానాపొలిస్ రేస్‌వే పార్క్. జీపీఎస్‌లో ఉత్త ‘ఇండియానాపొలిస్ స్పీడ్‌వే’ అని కొడితే ఇండీ 500 కార్ల రేసు జరిగే చోటికి తీసుకుపోతుంది, అది వేరు. బస బ్రౌన్స్‌బర్గ్, ఏవన్, ప్లెయిన్‌ఫీల్డ్‌లలో చూడు. బ్రౌన్స్‌బర్గ్‌లో రేసు టీముల షెడ్లే ఉంటాయి కాబట్టి రూములు ముందు అయిపోయేది అక్కడే. ఇప్పుడే పట్టుకో.

సీటు గురించి అడిగావు. స్టార్టింగ్ లైన్ పక్కన కింద వరసల్లో కూర్చోవాలని అందరికీ ఉంటుంది. ఆ కింద వరసల్లో బండి కదలడం కనపడుతుంది, పూర్తవడం కనపడదు. బర్నౌట్ (పరుగుకి ముందు టైర్లు వేడెక్కేలా గిరగిరా తిప్పడం) పొగ, టైర్ల నుంచి ఎగిరే రబ్బరు ముక్కలు నెత్తిన పడతాయి. లైన్ నుంచి 200–400 అడుగుల మధ్య, స్టాండ్‌లో పై వరసలు తీసుకో. అక్కడి నుంచి లాంచ్ తెలుస్తుంది, మొత్తం దూరం కంటికి అందుతుంది, చివర్లో స్కోర్‌బోర్డులూ చదవొచ్చు. మ్యాపులో ట్రాక్ చూసి, మధ్యాహ్నం తర్వాత ఎండ వీపు మీద పడే వైపు ఎంచుకో. రోజంతా సూర్యుడికి ఎదురుగా కూర్చుంటే బుడ్డోడు రెండు గంటల్లో పేచీ మొదలుపెడతాడు.

ఇక చెవులు. దీని మీద బేరం లేదు. టాప్ ఫ్యూయల్ బండి వదిలినప్పుడు దగ్గర్లో శబ్దం 140 డెసిబెల్స్ దాటుతుంది. దీపావళికి లక్ష్మీబాంబు పేలితే ఒక్క దెబ్బతో పోతుంది. ఇక్కడ అదే పేలుడు నాలుగు సెకన్లు ఆగకుండా, పక్కపక్కన రెండు బండ్ల నుంచి. చెవిలో కంటే ముందు ఛాతీలో తగులుతుంది. ముగ్గురికీ ఫోమ్ ప్లగ్గులు, వాటిపైన ఇయర్ మఫ్‌లు, రెండూ ఉండాలి. ప్లగ్గు ఊరికే చెవికి అద్దితే పనిచేయదు. వేళ్ల మధ్య సన్నని వత్తిలా నలిపి, రెండో చేత్తో తల వెనక నుంచి చెవిని పైకి, వెనక్కి లాగి, లోపలికి తోసి, ఉబ్బేదాకా 30 సెకన్లు వేలితో ఆపి పట్టుకోవాలి. సరిగ్గా పడితే నీ మాట నీకే బానలోంచి వినిపించినట్టు ఉంటుంది. ప్యాకెట్ మీద ఎన్‌ఆర్‌ఆర్ (శబ్దాన్ని ఎంత తగ్గిస్తుందో చెప్పే అంకె) 30 దగ్గర్లో ఉన్నవి కొను. మఫ్ కలిపితే రెండు అంకెలూ కూడవు, ఇంకో 5 డెసిబెల్స్ దాకా కలిసొస్తుంది, అదీ కావాల్సిందే. పాటలు వినే నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్లు దీనికి పనికిరావు. బుడ్డోడికి పిల్లల సైజు మఫ్ ఇంట్లోనే పెట్టి, ఓ గంట అలవాటు చేయి. తొమ్మిదేళ్లవాడు కొత్త వస్తువుని తలమీద ఉంచుకోడు, సరిగ్గా బండి వదిలే క్షణంలో పీకేస్తాడు. ప్లగ్గులు పది జతలు పట్టుకెళ్లు, కింద పడినవి మళ్లీ పెట్టుకునేలా ఉండవు.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. నైట్రో బండి పరుగు టాప్ ఫ్యూయల్ అయితే 3.7 సెకన్ల చుట్టుపక్కల, ఫన్నీ కార్ అయితే 3.9. ఒక్కో క్లాసు ఎనిమిది జతలు అరగంటలో అయిపోతాయి. తర్వాత అదే బండి మళ్లీ వచ్చేదాకా గంటంపావు నుంచి కొన్ని గంటలు. అంటే నువ్వు రోజంతా కూర్చున్నా నైట్రో పరుగులు చూసేది నిమిషాల లెక్కే. ఆ ఎదురుచూపు ఎక్కడ గడపాలో తెలియనివాడు ‘ఇంతేనా’ అని పెదవి విరుస్తాడు. గడపాల్సింది పిట్స్‌లో, అంటే టీములు బండ్లు విప్పి బిగించుకునే చోట. ఎన్‌హెచ్‌ఆర్‌ఏలో ప్రతి టికెట్టూ పిట్ పాసే, విడిగా కొనక్కర్లేదు.

ఒక టాప్ ఫ్యూయల్ టీముని పట్టుకుని, బండిని ట్రాక్ నుంచి లాక్కొచ్చిన నిమిషం నుంచి తాడు పక్కన నిలబడు. జాకీలెక్కించగానే నలుగురు పైన, ఇద్దరు కింద దూరతారు. ఇంజన్‌లోకి గాలి తోసే సూపర్‌చార్జర్ పైకి లేస్తుంది, హెడ్లు ఊడతాయి, పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు బయటికొస్తాయి. కింద పడుకున్నవాడు బేరింగులు విప్పి వరసగా పేరుస్తాడు, క్రూ చీఫ్ వాటి మీద గీతలు చూసి ఏ సిలిండర్ ఎంత కష్టపడిందో చెప్పేస్తాడు. క్లచ్ విప్పితే నల్లటి పొడి రాలుతుంది. ఎనిమిది సిలిండర్లు, సిలిండర్‌కి రెండు చొప్పున 16 స్పార్క్ ప్లగ్గులు. ఇంజనంతా విప్పి బిగించడం గంట లోపు పని. బుడ్డోడికి రేసు కంటే ఇదే గుర్తుంటుంది చూడు. తాడు దాటొద్దు, పరిగెత్తొద్దు, చెప్పులు కాకుండా బూట్లు వేయించు. సందుల్లో గోల్ఫ్ కార్టులు, బండ్లు లాక్కెళ్లే వాహనాలు తిరుగుతూనే ఉంటాయి, మఫ్‌లు పెట్టుకుంటే వెనక నుంచి వచ్చేది వినపడదు.

బిగించాక అక్కడే ఒకసారి స్టార్ట్ చేస్తారు, దాన్ని వార్మప్ అంటారు. క్రూ అంతా గ్యాస్ మాస్కులు తగిలిస్తే సమయం దగ్గరపడ్డట్టు. ముందు మామూలు ఇంధనంతో తిప్పి, తర్వాత నైట్రోమీథేన్‌కి మారుస్తారు. ట్యాంకులో నూటికి 90 పాళ్లు అదే, మిగతాది మెథనాల్. మారిన క్షణం చప్పుడు గంభీరంగా మారుతుంది, కళ్లు మిరపకాయలు వేయించిన వంటింట్లో లాగా మండుతాయి. జనం మోజుతో గొట్టాలకి ఎదురుగా నిలబడి, ఏడుస్తూ పరిగెత్తుతారు. నువ్వు గాలి వచ్చే వైపు, బండి ముందు భాగం దగ్గర నిలబడు. అమ్మాయికి ఆస్తమా ఉందన్నావు కదా, వార్మప్‌కి ఆవిణ్ణి దూరంగా ఉంచు, ఇన్‌హేలర్ జేబులో ఉండాలి.

స్టాండ్‌లో కూర్చున్నప్పుడు ఏం చూడాలో రెండు ముక్కలు చెప్తా. నైట్రో బండ్లు పరిగెత్తేది 1000 అడుగులు. 2008లో డ్రైవర్ స్కాట్ కాలిటా ప్రమాదంలో పోయాక దూరం తగ్గించారు. ప్రో స్టాక్, మోటార్‌సైకిళ్లు ఇప్పటికీ పావు మైలు, 1320 అడుగులే. లైట్ల స్తంభాన్ని క్రిస్మస్ ట్రీ అంటారు. ప్రో క్లాసులకి మూడు పసుపు దీపాలూ ఒకేసారి వెలిగి, 0.4 సెకన్లకి పచ్చ వెలుగుతుంది. ముందే కదిలితే ఎర్ర దీపం, ఆట పోయినట్టే. బోర్డు మీద తక్కువ టైమ్ వేసినవాడు కూడా ఓడిపోవడం చూసి తికమక పడకు. టైమ్ లెక్క బండి కదిలాక మొదలవుతుంది, గెలుపు లెక్క పచ్చ దీపం నుంచి. లైటుకి వేగంగా స్పందించి గెలవడాన్ని హోల్‌షాట్ అంటారు. సోమవారం అదొక్కటి జరిగినా స్టాండ్లన్నీ లేచి నిలబడతాయి. ఇంజన్ పేలి ట్రాక్ మీద ఆయిల్ పడితే శుభ్రం చేయడానికి అరగంట. బాత్‌రూముకీ, తిండికీ కదలాల్సింది అప్పుడు. క్లాసు అయిపోయాక కదిలితే ఊరంతా నీ ముందు క్యూలో ఉంటుంది.

తిండి, కూలర్ల నిబంధన ట్రాక్ వెబ్‌సైటులో ఉంటుంది, చూసుకుని సర్దు. గాజు సీసాలు వద్దు. బయటి తిండి రానిస్తే పులిహోర పట్టుకెళ్లు. పెరుగన్నం ఆ ఎండకి మధ్యాహ్నానికే పులుస్తుంది. మనిషికి రోజుకి మూడు లీటర్ల నీళ్లు, టోపీలు, సన్‌స్క్రీన్, వానకి గొడుగులు కాకుండా పాంచోలు. గొడుగు విప్పితే వెనకవాళ్లు ఊరుకోరు. జనం పెరిగాక ఫోన్ సిగ్నల్ ఉండదు, టికెట్లు ముందే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో. కారు పెట్టిన చోటు కూడా ఫోటో తీయి, పచ్చిక మైదానంలో రాత్రి అన్ని వరసలూ ఒకేలా ఉంటాయి. బుడ్డోడు మరీ అలిసిపోతే శనివారం పొద్దున ఊళ్లో ఇండీ స్పీడ్‌వే మ్యూజియం చూపించు, అరగంట లోపు దూరం.

సోమవారం ఫైనల్ అవగానే కారు దగ్గరికి పరిగెత్తకు. అందరూ ఒక్కసారే యు.ఎస్. 136 మీదకి వస్తారు, గంటసేపు బంపర్‌కి బంపర్. ఆ గంట పిట్స్‌లో తిరుగు. ఆ వేళకి టీములవాళ్లు సామాను సర్దుకుంటూ కాస్త తీరికగా ఉంటారు, పిల్లాడు అడిగితే వాడేసిన స్పార్క్ ప్లగ్గు ఒకటి చేతిలో పెట్టేవాళ్లుంటారు. వేడి ఆరిందో లేదో చూసి తీసుకోమను. తిరుగు దారిలో నీకు గంట కలిసొస్తుంది, అయినా రాత్రి పది దాటితే డ్రైవ్ చేయకు. మంగళవారం తెల్లవారి లేచి రా.

మీ మావయ్య